నూనె మీద కాలిన నూలు

నా పెట్టెలో ఒక సర్వే కాగితం ఉంది. డోర్నకల్‌లో ఇంటింటికీ తిరిగిన ఒకాయన నింపి, తన దగ్గర ఉంచుకోవలసిన ప్రతిని కూడా పొరపాటున రాములమ్మకే ఇచ్చి వెళ్లిన కాగితం. అందులో ‘వృత్తి’ అనే గడిలో ‘బట్టలు ఉతుకుట’ అనీ, పక్కనే ‘నైపుణ్యం’ అనే గడిలో ‘లేదు’ అనీ రాసి ఉంది. ఆ రెండక్షరాలు చూసిన ప్రతిసారీ నాకు ఒళ్లు మండుతుంది. రాములమ్మకు మాత్రం మండదు. ఆ కాగితం ఆమెకు చదివి వినిపించింది నేనే.

“రాసుకోనియ్యి సారూ,” అంది ఆమె. “ఆయన అంగీ కాలరు సూసిన. పాపం, ఇంట్ల మంచిగ ఉతికేటోళ్లు లేనట్టున్నరు.”

రాములమ్మ పుట్టింది ఇప్పటి జనగామ జిల్లాలోని రఘునాథపల్లిలో. ఏ బట్ట ఏ ఇంటిదో తెలియడానికి కాలరు లోపల జీడిరసంతో చుక్కలు పెట్టడం, పసుపు మరకను ఎండకూ, నెత్తురు మరకను చన్నీళ్లకూ అప్పగించడం పదేళ్లు నిండకముందే తల్లి దగ్గర నేర్చింది. పెళ్లయ్యాక, డోర్నకల్ వాడైన భర్త పోశాలుతో కలిసి భూపాలపల్లి వెళ్లింది. అక్కడి బొగ్గు గనుల్లో యంత్రాలు బాగుచేసే మెకానిక్కుల బట్టలు పదకొండేళ్లు ఉతికారు. తల్లి నేర్పని మరక ఆమెకు అక్కడే ఎదురైంది.

మొదటి వారంలోనే ఆమె ఒక మెకానిక్కు లాగును మామూలు బట్టలాగే సోడానీళ్లలో తడిపి ఉబ్బలో పెట్టి ఆవిరి పట్టింది. ఆ వేడికి ఇంజను నూనె నూలులోకి దిగి అక్కడే స్థిరపడిపోయింది. “రఘునాథపల్లి పిల్ల భూపాలపల్లికి పచ్చబొట్టు పొడిచింది,” అని పోశాలు నెలరోజులు ఏడిపించాడట. ఆ లాగునే ముందు పెట్టుకొని ఆమె కొత్త పని నేర్చుకుంది.

నూనె పడ్డ బట్టను రాములమ్మ ముందుగా నీళ్లలో ముంచదు. గ్రీజు ఉంటే చెంచా వెనుక వైపుతో గీకి తీస్తుంది. మరక మీద పొడి ముగ్గుపిండి చల్లి, అది నూనె పీల్చుకొని రంగు మారేదాకా వదిలేస్తుంది. దులిపి మళ్లీ చల్లుతుంది. తరువాత మరక కింద పాత గుడ్డ మడిచి పెట్టి, కిరోసిన్‌లో తడిపిన మరో గుడ్డతో అంచు నుంచి నడుమకు అద్దుతుంది. నడుమ నుంచి అంచుకు రుద్దితే మరక పాకుతుంది. ఆ తరువాతనే సబ్బు, వేడినీళ్లు, బండ. ఉతికిన బట్టను ముందు నీడలో ఆరబెడుతుంది. “తడి బట్టల నూనె దాసుకుంటది సారూ. ఆరినంకనే అసలు సంగతి బయటపడ్తది,” అంటుంది. మరక పూర్తిగా పోయి, కిరోసిన్ వాసన కూడా విరిగాకే ఎండ. ఆపైన బొగ్గుల ఇస్త్రీ. ఈ వరుసలో ఒక్కటి ముందువెనుకలైనా బట్ట పాడవుతుంది. ఈ విద్యకే ఆ కాగితం ‘లేదు’ అని పేరు పెట్టింది.

పోశాలు పోయి తొమ్మిదేళ్లయింది. అంతకు ముందే ఇద్దరూ డోర్నకల్ చేరుకున్నారు. ఇప్పుడు ఇళ్లలోకి ఉతికే మిషన్లు వచ్చాయి. ఇంటి మిషన్లో వేయడానికి మనసొప్పని బట్టలే, అంటే లారీ డ్రైవర్లవి, వరికోత మిషను నడిపేవారివి, మెకానిక్కులవి, రాములమ్మ ఇంటి వెనుక సిమెంటు తొట్టి దగ్గరికి వస్తాయి. ఆ బట్టల్లో ఆమె మనిషిని చదువుతుంది. ఎవరిది కుడిచేతి వాటమో, ఎవరిది ఎడమచేతి వాటమో, ఎవరు పని మానేశారో, ఎవరు తాగి పడ్డారో ఆమెకు తెలియనిది లేదు. అయితే ఒక ఇంటి బట్ట చెప్పిన సంగతి మరొకరి చెవిన వేయకూడదని తల్లి పెట్టిన కట్టడిని ఆమె అరవై రెండేళ్ల వయసులోనూ తప్పలేదు. అందుకే ఇకపైన రాసేదంతా, ఆమె తమతో అన్నది కూడా కలిపి, నాకు ప్రేమ్‌సింగ్, ఆయన భార్య నీలి చెప్పినది. పేర్లతో సహా రాయమన్నదీ వారే. రాములమ్మను అడిగితే నేటికీ, “నాకేం యాదికి లేదు సారూ,” అంటుంది.

ప్రేమ్‌సింగ్‌ది డోర్నకల్ దగ్గరి తండా. మానుకోటకు పోయే తోవలో, అంటే మహబూబాబాద్ రోడ్డు మీద, ట్రాక్టర్లు, కోత మిషన్లు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. నలభై ఆరేళ్ల మనిషి. ముందటేడు నాట్ల కాలంలో రాములమ్మ ఆయన ఖాకీ అంగీ మడత పెడుతూ, కుడి చేతి అంచు దగ్గర రూపాయి బిళ్లంత మేర నూలు మాడి ఉండడం గమనించింది. తన ఇస్త్రీయే కాల్చిందనుకుంది. నలభై ఏళ్లలో ఒక్క బట్ట కాల్చని మనిషి! తన కళ్లు పోతున్నాయని దిగులు పడింది. పాత ఖాకీ ముక్కతో అతుకు వేసి, అంగీ చేతికిస్తూ తల వంచుకుంది.

“తమ్మీ, ఇస్త్రీ జర ఎక్కువైంది. తప్పయింది.”

“పోనియ్యక్కా, అంగీయే గద. నువ్వు గాల్చినంక మల్ల నువ్వే కుట్టినవ్, ఇగ లెక్క సాఫ్,” అని ప్రేమ్‌సింగ్ నవ్వేశాడు. అంగీ ఎక్కడ కాలిందో ఆయనకూ తెలియదు మరి. ఆమె మాటే నమ్మాడు.

రెండు వారాలకు ఆయన విడిచిన బట్టల మూట విప్పితే ఇంకో అంగీ బయటపడింది. అదే కుడి చేయి, మోచేతికి కొంచెం కింద, అలాంటి మచ్చే. ఈ అంగీ ఇంకా ఆమె ఇస్త్రీపెట్టె మొహం చూడలేదు. రాములమ్మ దాన్ని వెలుతురులోకి పట్టుకెళ్లింది. ఇస్త్రీ కాల్చిన చోట శుభ్రమైన నూలు గోధుమరంగుకు తిరుగుతుంది. ఇక్కడ పెనం మీద మాడినట్టు నూనె నూలులోనే వేగి గట్టిపడింది. అంటే కాలేనాటికి అంగీ నూనెతో ఉంది. చేతిని తిరగేసి చూసింది. లోపలి వైపు బొబ్బ చితికి నీరు కారి ఎండిన చార. అంటే కాలేటప్పుడు ఆయన చేయి కూడా లోపలే ఉంది. ఎర్రగా కాగిన ఇంజను పొగగొట్టానికి ఆ చేయి ఆనుకొని ఉంది. ఆయన దాన్ని వెనక్కి తీయలేదు.

అప్పుడు ఆమెకు మిగిలినవీ కనబడ్డాయి. ఇంజనులోకి చేయి పెట్టేవాడు కనుక ప్రేమ్‌సింగ్ అంగీ కుడి చేయే ఎప్పుడూ మోచేతి దాకా నల్లగా ఉండేది; ఇప్పుడు ఎడమ చేయి నల్లబడుతోంది. పొట్ట మీదా తొడల మీదా నూనె ఒలికిన చారలున్నాయి. కింది గుండీలు విప్పకుండా అంగీని తలమీదుగా లాగి తీసినట్టు, అవి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

రెండు రోజులు ఆమె ఎటూ తేల్చుకోలేకపోయింది. నీలికి చెబితే కట్టడి తప్పుతుంది; చెప్పకపోతే ఒక మనిషి చేయి పోతుంది. చివరికి ఆమెకు ఒక దారి తోచింది. ఆయన బట్ట చెప్పినది ఆయనకే చెబితే తప్పెలా అవుతుంది?

ప్రేమ్‌సింగ్ బట్టల కోసం వచ్చేసరికి కోత మిషను డ్రైవరు గోప్యా కూడా తన బట్టల కోసం పిట్టగోడ మీద కూర్చొని ఉన్నాడు. రాములమ్మ తొట్టిలోంచి తడి దుప్పటి ఒకటి పైకి లాగింది.

“తమ్మీ, జర ఈ కొస పట్టు. ఒక్కదాన్ని పిండలేకపోతున్న.”

“నన్ను గూడ పన్లకు వెట్టుకుంటవా అక్కా?”

“నీ అంగీలకు నేను మెకానిక్ పని చేస్తలేనా? పట్టు.”

ఆమె ఒకవైపు నుంచి మెలి తిప్పింది. మూడో మెలికకు దుప్పటి ఆయన కుడి చేతిలోంచి గిర్రున జారి, నీళ్లన్నీ గోప్యా మీద చిమ్మాయి.

“ఓయ్ మేస్త్రీ! ఇంజన్లు లేపేటోనివి, దుప్పటి ఆగకపాయెనా? పొద్దుగాల ఏమన్న తిన్నవా, ఎవ్వరి దావత్ల తాగినవా?”

“తడి గదరా, జారింది.”

“మల్ల పట్టు,” అంది రాములమ్మ.

మళ్లీ జారింది. ఈసారి ప్రేమ్‌సింగ్ కుడి చేతిని వెనక్కి దాచుకున్నాడు. గోప్యా ఇంకేదో అనబోతుంటే ఆమె అడ్డుపడింది. “నీ బట్టలు దండెం మీద ఉన్నయి, తీసుకొని నడు. లేకుంటే నీ నోటికి సబ్బు వెట్టాల్సొస్తది.”

గోప్యా నవ్వుకుంటూ వెళ్లాక ఆమె లోపలి నుంచి కాలిన అంగీ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది.

“ఇది నా ఇస్త్రీ కాదు తమ్మీ. ఇది కాలినప్పుడు నీ చెయ్యి లోపలున్నది.”

ఆయన ఆ మచ్చ చూశాడు. తరువాత తొడుక్కున్న అంగీ చేతిని పైకి మడిచి చూపించాడు. మోచేతి కింద పుండు; దాని చుట్టూ పాలిపోయిన చర్మం.

“నొయ్యదక్కా. అందుకే ఎవ్వలకు చెప్పలె. నొస్తే చెప్పేటోన్ని.”

“ఎన్నాళ్ల సంది?”

“ఎండకాలం సంది. ముందుగాల చిటికెన వేలు, దాని పక్కది మొద్దువారినయి. పెద్దరోగం అని తెలిస్తే నా షెడ్డుకు ఎవడొస్తడు? నా గ్లాసుల ఛాయ్ ఎవడు తాగుతడు? నవ్య కాలేజీల ఎవల పక్కన కూసుంటది?”

నవ్య ఆయన కూతురు. మానుకోటలో డిగ్రీ చదువుతోంది.

“రోగం పేరు నేను దియ్యలె, నువ్వే దీసినవ్,” అంది రాములమ్మ మెల్లగా. “అంటే నీకు ముందే ఎర్కనే. ఎల్లుండి మానుకోట దవాఖానకు పోదాం. నాకు కండ్లు సూపియ్యాలె, తోడు రమ్మన్న అని ఇంట్ల చెప్పు.”

“మరి నా బట్టలు... ఇగ అందరి బట్టలల్ల...”

“ఇప్పటిదాక ఎట్ల ఉతికిన్నో గట్లనే ఉతుకుత. నీ కొరకు ఇంకో తొట్టి కట్టియ్య నేను.”

మహబూబాబాద్ దవాఖానలో సుశీల అనే ఆరోగ్య కార్యకర్త ప్రేమ్‌సింగ్‌ను కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో చేతి మీద పది చోట్ల తాకింది. ఆయన మూడు చోట్లే సరిగ్గా చూపించగలిగాడు. అది కుష్ఠేనని, నరం దెబ్బతిని ఆరునెలలు దాటలేదు కాబట్టి చేయి మిగిలే వీలుందని డాక్టరు చెప్పారు. ఏడాది పాటు మందులు ఒక్క నెల కూడా ఆపకూడదు. ఆపితే వేళ్లు వంకరపోతాయి. మందు మొదలైందంటే రోగం ఇంకొకరికి అంటదు. నెల మొదట్లో మింగే పెద్ద మోతాదు వల్ల ఒకటి రెండు రోజులు చెమట నారింజరంగులో వస్తుంది, భయపడవద్దు. రోజూ చేతిని నీళ్లలో నానబెట్టి కొబ్బరినూనె రాయాలి.

చీటీ రాస్తూ సుశీల, “వెంట వచ్చిన మీరు ఈయనకు ఏమైతరు?” అని అడిగింది.

“బట్టలు ఉతుకుత,” అంది రాములమ్మ.

సుశీల పెన్ను ఆగింది. అలాంటి సంబంధానికి ఆ కాగితంలో చోటు లేదు.

“అక్క అని రాయుండ్రి మేడం,” అన్నాడు ప్రేమ్‌సింగ్.

ఆ చీటీ నకలు నా దగ్గర ఉంది. ‘సంబంధం: అక్క’ అని ఉంది. నేను దాచిన కాగితాల్లో, ఉన్నది ఉన్నట్టు రాసిన కొద్దివాటిలో అది ఒకటి.

అప్పటి నుంచి ఆయన అంగీ చేతుల మీద రెండు నూనెలు కనిపించేవి: ఒకటి ఇంజనుది, ఒకటి కొబ్బరిది. నెల మొదటి వారంలో బనీను చంకల్లో నారింజరంగు చార ఉండేది. మందు వేసుకున్నావా అని రాములమ్మ ఏనాడూ ఆయన్ని అడగలేదు. అడగవలసిన అవసరం ఆమెకు లేదు. ఇంజను నూనెను ముగ్గుపిండితో తీసి, కొబ్బరినూనెను సబ్బు నురగతో వదిలించి, ఆ బట్టలను అందరి బట్టలతో పాటు అదే దండెం మీద ఆరవేసేది.

వరికోతలు మొదలయ్యాయి. షెడ్డు ముందు మిషన్లు వరుస కట్టాయి. ఆ నెల మొదటి మూటలో బనీను తెల్లగా ఉంది. రెండో మూటలోనూ అంతే. అంగీ చేతుల మీద ఇంజను నూనె తప్ప మరొకటి లేదు. రాములమ్మ ఆ మూటను ఉతక్కుండా మళ్లీ కట్టి, షెడ్డుకు మోసుకుపోయి ఆయన ముందు పెట్టింది.

“ఏందక్కా, ఉతకనే లేదు?”

“అట్టల గోలీలు మింగుతలేవు.”

ఆయన చుట్టూ చూశాడు. ఎవరూ వినే దూరంలో లేరు. “కోతలక్కా, ఊపిరాడ్తలేదు. దవాఖానకు పోతే దినమంత పోతది. జర మంచిగనే అయింది గద. ఒక్క నెల ఆగితే ఏమైతది?”

“ఏమైతదో డాక్టర్ సారు చెప్పిండు, నువ్వు విన్నవ్, నేను విన్న. నీ బనీను మీద రంగు అవుపడినంకనే నీ బట్టలు ముట్టుకుంట. అందాక నీకు ఉతుకుడు బంద్.”

‘ఉతుకుడు బంద్’ అన్న మాట బరువు ఈ తరానికి తెలియకపోవచ్చు. ఒకప్పుడు ఊళ్లో పెద్దలనిపించుకున్నవారు తమకు కిట్టని కుటుంబాన్ని వెలివేయాలంటే, వారి బట్టలు ఉతకవద్దని రజకులను ఆజ్ఞాపించేవారు. ఆ దుర్మార్గంలో ఉతికేవారి ఇష్టాయిష్టాలను అడిగినవారు లేరు. రాములమ్మ తల్లి కూడా అలాంటి ఆజ్ఞలకు తల వంచి, ఇంటికొచ్చి ఏడ్చిన మనిషేనట. వెలి పడుతుందన్న భయంతోనే రోగం దాచుకున్న ప్రేమ్‌సింగ్ మీద రాములమ్మ అదే మాట ప్రయోగించింది.

నాలుగు రోజులు ప్రేమ్‌సింగ్ మొండికేశాడు. నల్లగా అట్టకట్టిన అంగీతోనే తిరిగాడు. ఐదో రోజు నీలి ఊరుకోలేదు. “అక్కతోని ఏం లొల్లి వెట్టుకున్నవ్? ముప్పై ఊళ్ల నూనె ఉతికేటామె నీ ఒక్కని బట్టలు ఎందుకు వద్దన్నది?” అని నిలదీసింది. అప్పుడు ఆయన చెప్పక తప్పలేదు.

మరునాడు పొద్దున్నే నీలి రాములమ్మ ఇంటి వెనుకకు వచ్చి నిలబడింది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“మూడు నెలల సంది నీకు ఎర్కేనా అక్కా? నాతోని ఒక్క మాట అనకపోతివి.”

“నీ మొగని బట్ట నాతోని చెప్పింది. నీతోని ఆయన చెప్పాలె గద బిడ్డా.”

“నేనేమన్న ఇడిసిపెట్టి పోతననుకున్నడా?”

“గది ఆయన్నే అడుగు. గట్టిగ అడుగు.”

నీలి ఏడుస్తూనే ఫక్కున నవ్వింది. తొట్టి దగ్గర కూర్చొని, ఆ బండ మీద ఉన్న ఎవరిదో అంగీకి తానే సబ్బు పట్టడం మొదలుపెట్టింది. రాములమ్మ, “అంచు నుంచి నడుమకు, అంచు నుంచి నడుమకు,” అని ఆమె చేయి పట్టుకొని దిద్దింది. ఆ రోజే నీలి షెడ్డుకు తాళం వేయించి, భర్తను దవాఖానకు రైలెక్కించింది. ఆ తరువాత వచ్చిన మూటలో బనీను చంకలు నారింజరంగులో ఉన్నాయి. రాములమ్మ ఆ బనీనును అన్నిటికంటే ముందు ఉతికింది.

నిరుడు నాట్లప్పుడు ఆఖరి పరీక్షకు నీలికి జ్వరంగా ఉండి, ప్రేమ్‌సింగ్ వెంట రాములమ్మే వెళ్లింది. ఈసారి ఆమెకు నిజంగానే కళ్లు చూపించుకోవలసి ఉంది. సుశీల మళ్లీ పెన్ను మొనతో పది చోట్ల తాకింది. ఆయన ఎనిమిది చెప్పాడు. బయటికి వస్తూ చిటికెన వేలు ఎత్తి చూపించాడు.

“ఇదొక్కటి ఇంక మొండికేసిందక్కా.”

“దాంతోని ఏ బోల్టు ఇప్పుతవు తియ్యి.”

మహబూబాబాద్ స్టేషన్లో డోర్నకల్ వైపు వెళ్లే బండి ఆలస్యమైంది. ప్లాట్‌ఫాం మీద కాగితం కప్పుల్లో ఛాయ్ తీసుకున్నారు. ప్రేమ్‌సింగ్ తన కప్పు అందుకున్న మరుక్షణం చటుక్కున ఎడమ చేతిలోకి మార్చుకొని, ఖాళీ చేతిని విదిలించాడు.

“ఏమైంది తమ్మీ?”

“కాలిందక్కా.”

రాములమ్మ తన కప్పును బెంచీ మీద పెట్టేసింది.

“ఏ చెయ్యి?”

ఆయన ఎడమ చేతిలోని కప్పును మళ్లీ కుడి చేతిలోకి తీసుకున్నాడు. ఓర్చుకోగలిగినంతసేపు అలాగే పట్టుకున్నాడు.